ఉపమేయం

తొమ్మిదో తరగతి, భోజనాల తరవాతి పీరియడు.
కిటికీలోంచి జాలరిపేట ఎండుచేపల వాసన,
బెంచీల మీద పోర్టు నుంచి ఎగిరొచ్చిన నల్లధూళి,
బోర్డు మీద నా అక్షరాలు:
ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేదని చెబితే రూపకం.

ఇరవై రెండేళ్లుగా అదే వాక్యం.
సుద్దముక్క తనంతట తానే రాసేస్తుంది.

ఆవేళ ఏ పూనకమో, ఓ మాట తూలాను:
"దేవుడూ రూపకమేనర్రా,
మనిషి అల్లినవాటిలోకెల్లా పెద్దది."
అని, గొప్పగా చేతులు దులుపుకున్నాను.

ఆఖరి బెంచీలో వాసుపల్లి నూకరత్నం లేచింది.
"దేవుడు ఉపమానమైతే
ఉపమేయం ఏటి టీచర్?"

గంట కొట్టారు.
బతుకులో ఏ గంటకీ అంత రుణపడలేదు.

ఇంటికొచ్చి వెతికాను.
భయం అందామంటే మరీ అరిగిపోయిన జవాబు.
ఆకాశం అందామంటే అదీ ఇంకో ఉపమానమే.
పొయ్యి మీద పప్పు మాడింది.

కార్తీకం వెళ్లాక వాయుగుండం పట్టింది.
నూకరత్నం తండ్రి పడవ నాలుగు రోజులు జాడలేదు.
హాజరు పిలిస్తే ఆ పేరు దగ్గర నిశ్శబ్దం.
సాయంత్రం ఒడ్డుకి వెళ్లాను,
ఏం చెయ్యడానికో నాకే తెలీదు.

వాళ్ల అవ్వ మోకాలి లోతు నీళ్లలో నిలబడి
గంగమ్మని తిడుతోంది.
పసుపు తిన్నావు, కుంకం తిన్నావు,
కోడిని తిన్నావు, కోక కట్టుకున్నావు,
సిగ్గునేదా నీకు, అంటోంది.
నోట్లో నురగ, కాళ్ల కింద నురగ.

అయిదో రోజు పడవ వచ్చింది.
తండ్రి దిగాడు.
మేనమామ గురువులు దిగలేదు.

ఆనాటి నుంచి అవ్వ
అమ్మవారితో మాటలు మానేసింది.
శుక్రవారం కొబ్బరికాయ కొడుతుంది,
మొహం పక్కకి తిప్పుకుని.
దణ్ణం ఉండదు, మొక్కు ఉండదు,
కోడలికి అన్నం వడ్డించే అత్తలా
విసురుగా ఆ చెక్క అక్కడ పెట్టి వచ్చేస్తుంది.

అలంకారం మీద ఎవరైనా అలుగుతారా?
మాటలు మానెయ్యాలంటే
ఎదట ఒకరు ఉండాలి కదా.
లేక, మానేసిన ఆ మాటలే పోగుపడి
ఒక మనిషంత అవుతాయా?
ఇది పిల్లలకు చెప్పే పాఠం కాదు.

ఏప్రిల్ పరీక్షలో ఏడో ప్రశ్న, రూపకానికి ఉదాహరణ.
నూకరత్నం ఖాళీ వదిలి
ఆ ఖాళీ కింద స్కేలుతో గీత గీసింది.
అర మార్కు వేశాను.
హెడ్మాస్టరు అడిగితే కూడిక తప్పిందన్నాను.

వైశాఖ తదియ నాడు సింహాచలం వెళ్లాను.
ఏడాది పొడుగునా గంధం ముద్దలో ఉండే అప్పన్న
ఆ ఒక్కరోజూ బయటపడతాడు.
వెండి బొరిగెలతో ఒలుస్తారట, అర్ధరాత్రి దాటాక.
ఏడాదంతా రూపకం,
ఒక్కనాడు నిజరూపం,
అని నాకు నేనే చమత్కరించుకుంటూ
ఆరు గంటలు క్యూలో చెమటోడ్చాను.
ముందున్నావిడ జడలో మల్లెలు
నా కళ్ల ముందే వాడిపోయాయి.

గడప దగ్గర వాలంటీరు చెయ్యి వీపు మీద పడింది:
కదలండమ్మా, కదలండి.
దీపం వెలుగు.
తడి రాయి.
మూపు అనుకుంటా, ఓ వంపు.
అంతే, బయటి ఎండ.

మూణ్ణాళ్లాగి చేపల బజారుకెళ్లాను.
వేట నిషేధం రోజులు, ఎండునెత్తళ్ల తట్ట ముందు
అవ్వ పక్కన నూకరత్నం.
"కొండకెళ్లేరట కదా టీచర్.
ఎలాగున్నాడు?"

అవ్వ తరాజు ఎత్తి పట్టుకుని
ఎటో చూస్తున్నట్టు చూస్తూ
చెవి ఇటు వేసింది.

నేను నోరు తెరిచాను.
"అచ్చం..."
అన్నాను.

తరాజు ఊగుతోంది.
ఆ పిల్ల ఇంకా నా మొహంలోకే చూస్తోంది.